పెన్న కోసం జెట్ పడవ: అంబత్తూరు షెడ్డులో పని ఎంతవరకు వచ్చింది

పొడవు పదమూడున్నర అడుగులు, అడుగుభాగం వెడల్పు నాలుగు అడుగులు. అడుగు రేకు మందం 4 మిల్లీమీటర్లు, పక్క రేకులవి 3. వెనక బయటికి తగిలించే 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజను, దాని కింద ప్రొపెల్లర్‌కు బదులు జెట్ పంపు. చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు మూలన ఈ అల్యూమినియం పడవ తయారవుతోంది. ఇది తిరగాల్సిన చోటు నెల్లూరు జిల్లాలో పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు. మోకాటి లోతు నీళ్లలో పండుగప్ప కోసం గాలం వేయడానికి మనుషులను మోసుకెళ్లాలి, అంతే. ఖర్చులో సగం నాది, సగం మా బావది. చెమట మాత్రం చాలావరకు మేస్త్రిది. ఆయన శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. పాల ట్యాంకులు, బస్సు రేకులు అతికి అతికి చేయి తిరిగిన మనిషి. పడవ చేయడం ఆయనకూ ఇదే మొదలు.

ఇన్ని నెలల పనిలో నాకు తేలింది ఏమిటంటే, మన నదుల్లో జెట్ పడవకు వేగం సమస్య కాదు. నీరు లోపలికి వెళ్లే నోరు సమస్య. మా డబ్బు, సమయం, వాదోపవాదాలు దాదాపు అన్నీ ఆ జానెడు చోటు చుట్టూనే తిరిగాయి.

జూన్: లెక్కలు

పెన్న నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అది నీటి పాయలున్న ఇసుక మైదానం. మామూలు ఇంజను ప్రొపెల్లర్ పడవ అడుగు కంటే ఒక అడుగుకు పైగా కిందికి వేలాడుతుంది. ఇసుక మేట తగిలిందంటే పిన్ను తెగుతుంది, లేదా రెక్క వంగుతుంది. జెట్ పంపులో పడవ అడుగు కంటే కిందికి వేలాడే రెక్కలంటూ ఉండవు. పడవకు అడుగున నీటిని పీల్చి, వెనక్కి ధారగా చిమ్ముతుంది. ఆ ధార తోసే తోపుకు పడవ ముందుకు వెళుతుంది.

ఈ ఆలోచనను పనికివచ్చే రూపానికి తెచ్చింది న్యూజిలాండ్ దక్షిణ దీవిలో గొర్రెల క్షేత్రం నడిపిన బిల్ హామిల్టన్. ఆయన ఊరి నదులు గులకరాళ్ల మీద పాయలు పాయలుగా పారే లోతులేని నదులు. 1954 ప్రాంతంలో ఆయన తయారుచేసిన తొలి పడవలు నీటిని నీటి మట్టం కిందే వదిలేవి. ధారను నీటి మట్టానికి పైన వదలడం మొదలుపెట్టాకే వేగం పుంజుకుంది. 1960లో ఆ పడవలు అమెరికాలోని కొలరాడో నదిలో, గ్రాండ్ కాన్యన్ గుండా ప్రవాహానికి ఎదురెక్కాయి.

ఆ కథ చదివితే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. మా బావకు మరీ ఎక్కువ వచ్చింది. ఆయన అడిగిన వస్తువుల పట్టికలో పైకప్పు, పాటల పెట్టె, చేపలను ప్రాణంతో ఉంచే తొట్టి, మెత్తటి కుర్చీలు ఉన్నాయి. నేను పెన్సిలు తీశాను.

అవుట్‌బోర్డ్ ఇంజనుకు జెట్ బిగిస్తే శక్తిలో దాదాపు 30 శాతం పోతుంది. అంటే 40 హార్స్‌పవర్‌లో మనకు దక్కేది 28. ఆ 28తోనే పడవ నీటి మీదికి లేచి జారాలి. లేస్తేనే లోతులేని నీళ్లలో దాని ఉపయోగం. ఖాళీ పడవ 170 కిలోలు, ఇంజను 75, ముగ్గురు మనుషులు 210, ఇంధనం, బ్యాటరీ, లంగరు, గాలాలు కలిపి 45. మొత్తం 500. నీటిని తాకే అడుగు వైశాల్యం, 1.22 మీటర్ల వెడల్పును నీటిలో ఉండే 3.6 మీటర్ల పొడవుతో గుణిస్తే, 4.39 చదరపు మీటర్లు. అడుగు పూర్తిగా చదునుగా ఉంటే పడవ మునిగే లోతు 11.4 సెంటీమీటర్లు. అడుగుకు 6 డిగ్రీల వాలు ఇస్తే మధ్య గీత దగ్గర మరో 3 సెంటీమీటర్లు పెరుగుతుంది.

చదునా, వాలా అన్నదాని మీద చాలా చర్చ నడిచింది. చదును పడవ తక్కువ లోతు తీసుకుంటుంది కానీ మలుపులో పక్కకు జారిపోతుంది. జెట్ ఇంజనుకు కింద పట్టు కోసం రెక్క లాంటిదేదీ ఉండదు కదా. పైగా ముందు నుంచి వచ్చే గాలి బుడగలు చదును అడుగు కిందే చిక్కుకుని నేరుగా పంపు నోట్లోకి వెళతాయి. వాలు ఉంటే అవి పక్కలకు తప్పుకుంటాయి. ఆ 3 సెంటీమీటర్లు వదులుకోవడానికే నేను మొగ్గాను. మధ్యలో మాత్రం ఒక అడుగు వెడల్పున చదును పట్టీ ఉంచాం. పంపు నోరు దాని వెనక సమంగా కూర్చుంటుంది.

పొడవును నిర్ణయించింది మాత్రం నది కాదు, లారీ. సొంత కారుకు వెనక బండి కట్టుకుని జాతీయ రహదారి మీద పడవను లాక్కెళ్లడం మన దగ్గర కాగితాల పరంగా పెద్ద తలనొప్పి. పద్నాలుగు అడుగుల లారీ ఎప్పుడంటే అప్పుడు అద్దెకు దొరుకుతుంది. ఇంజను విప్పి పక్కన పెడితే పదమూడున్నర అడుగుల పడవ అందులో హాయిగా పడుతుంది.

పాటల పెట్టె ఆ రోజే పోయింది. చేపల తొట్టి గురించి బావ ఇంకో నెల పోరాడాడు. "లీటరు నీరు కిలో బావా, అరవై లీటర్ల తొట్టి అంటే ఇంకో మనిషిని ఎక్కించుకున్నట్టే" అన్నాను. "అయితే ఆ మనిషి ఎవరో చెప్పు, దింపేద్దాం" అన్నాడు.

ఆగస్టు: రేకుల వేట

చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర హార్డ్‌వేర్ సందుల్లో అల్యూమినియం రేకుకు కొరత లేదు. మనకు కావలసిన రేకుకే కొరత. పడవ అడుగుకు 5083 అనే మిశ్రలోహం కావాలి. దానిలో మెగ్నీషియం 4 నుంచి 4.9 శాతం వరకు ఉంటుంది. ఉప్పునీటిని తట్టుకుంటుంది, అతికిన చోట బలం మరీ పడిపోదు. చాలా చోట్ల చూపించేది 6061. అది గట్టిదే కానీ వెల్డింగ్ వేడి తగిలిన పట్టీలో దాని బలం బాగా తగ్గుతుంది. అందుకే దాన్ని అడుగుకు వద్దనుకుని, వెల్డింగ్ తక్కువ ఉన్న పైఅంచు పైపులకు మాత్రం తీసుకున్నాం.

ఒక దుకాణంలో "ఇది మెరైన్ గ్రేడే సార్, పడవలవాళ్లందరూ మా దగ్గరే తీసుకుంటారు" అన్నారు. రేకు తయారుచేసిన మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ అడిగితే టీ తెప్పించారు. టీ తాగి వచ్చేశాం. ఇంకో చోట రేకు మీద అచ్చువేసిన హీట్ నంబరు, అంటే ఆ లోహం ఏ విడతలో కరిగించిందో చెప్పే నంబరు, కాగితం మీది నంబరు ఒకటే అయ్యాక డబ్బు కట్టాం. కొనబోయేవారికి నా సలహా ఇదే: ధర గురించి బేరం తర్వాత చేయవచ్చు, ముందు ఆ రెండు నంబర్లు కలవాలి.

పడవ లోపలి నేలకు బస్సుల్లో వేసే గీతల అల్యూమినియం రేకు తీసుకున్నాం. జారదు, చవక, మేస్త్రికి అలవాటైన సరుకు. నేలకు ప్లైవుడ్ వేద్దామని బావ అన్నాడు. చెద పట్టకుండా రాగి లవణాలు ఎక్కించిన చెక్క తడిసి అల్యూమినియాన్ని తాకితే లోహాన్ని మెల్లగా తినేస్తుంది. రాగి కలిసిన అడుగు రంగులూ అంతే. ఈ పడవలో రాగికి చోటు వైర్ల లోపలే.

రాళ్ల నదుల్లో తిరిగే అలాస్కా వాళ్లు అడుగుకు మందపాటి ప్లాస్టిక్ పలక బిగిస్తారు. అతి ఎక్కువ అణుభారం ఉన్న పాలిథీన్ అది. రాయి మీద కూడా జారిపోతుంది. మాకు 10 మిల్లీమీటర్ల పలక అంటే 45 కిలోల పైమాటే. పెన్న చివర్లో ఉన్నది ఇసుక కనుక మానేశాం. అడుగుకు రంగు కూడా వేయలేదు. వేసినా మొదటి మేట మీదే గీరుకుపోతుంది. ఉత్త లోహమే గాలి తగిలి తనంతట తాను పొర కట్టుకుంటుంది.

అక్టోబరు: వెల్డింగ్, వాన

ఆ పొరే వెల్డింగ్‌కు శత్రువు. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. దాని మీది ఆక్సైడు పొర కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. పొర తీయకుండా అతికితే లోపల లోహం నీరైపోయినా పైన తొడుగు అలాగే ఉంటుంది, అతుకు కలవదు. కనుక ప్రతి అతుకుకూ ముందు ఎసిటోన్‌తో జిడ్డు తుడిచి, తర్వాత స్టెయిన్‌లెస్ బ్రష్‌తో రుద్దాలి. వరస మారకూడదు. ముందే రుద్దితే జిడ్డు లోహంలోకి ఇంకుతుంది. ఇనుము మీద వాడిన బ్రష్‌ను దగ్గరికి కూడా రానివ్వకూడదు. మేస్త్రి మా బ్రష్‌లకు పసుపు రంగు టేపు చుట్టి, షెడ్డులో ఎవరూ ముట్టుకోకుండా తన డబ్బాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

అతుకులో కరిగించే తీగ 5356 రకం, అతుకును గాలి తగలకుండా కాపాడే వాయువు స్వచ్ఛమైన ఆర్గాన్. బజారులో సులువుగా దొరికే 4043 తీగ వాడదామని షెడ్డు యజమాని అన్నాడు. దానిలో సిలికాన్ ఉంటుంది. 5083లోని మెగ్నీషియంతో కలిసి అతుకు పెళుసెక్కుతుంది. పాల ట్యాంకుకు ఏమో కానీ, ఇసుక మీద దబదబా కొట్టుకునే పడవకు వద్దన్నాం.

అంతలో ఈశాన్య రుతుపవనాలు దిగాయి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదు. ఆ తేమలోని హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరి, చల్లబడేటప్పుడు బుడగలై మిగిలిపోతుంది. గ్రైండర్‌తో అతుకును కోసి చూస్తే గుండుసూది మొన అంత రంధ్రాలు వరసగా కనిపించాయి. తీగ చుట్టను రాత్రిపూట బల్బు వెలిగించిన ఇనుప పెట్టెలో ఉంచడం, రేకును గోరువెచ్చగా చేసి తేమ పోగొట్టడం, పొద్దున్నే వాన వాసన వస్తుంటే ఆ రోజు అతుకుల పని మాని కోతల పని పెట్టుకోవడం. ఈ క్రమశిక్షణతో బుడగలు తగ్గాయి. గోరువెచ్చ అంటే గోరువెచ్చే. ఈ లోహాన్ని 65 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువసేపు ఉంచితే తర్వాత ఉప్పునీటిలో తుప్పుకు లొంగిపోతుంది.

వేడికి వంకర తిరగడం ఇంకో గొడవ. ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం వేడికి రెండింతలు సాగుతుంది. ఒక కొస నుంచి మరో కొస దాకా ఏకబిగిన అతుక్కుంటూ పోతే అడుగు రేకు అప్పడంలా లేస్తుంది. మేస్త్రి ముందు జానెడు దూరానికొక చుక్క వేశాడు. తర్వాత మధ్య నుంచి మొదలుపెట్టి, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ, ప్రతి ముక్కనూ వెనక్కి వేసుకుంటూ వచ్చాడు. ఎనిమిది అడుగుల రేకులు కనుక అడుగున అడ్డ అతుకు తప్పలేదు. దాన్ని పంపుకు వీలైనంత దూరంగా, ముందు వైపుకు జరిపాం. పంపు ముందు ఏ ఉబ్బు ఉన్నా, రివిట్ తల ఉన్నా అక్కడ గాలి పుడుతుంది. అడుగున బలానికి వేసిన పొడవాటి పట్టీలను కూడా పంపుకు మూడు అడుగుల ముందే ఆపి, కొసలను సాపు చేశాం.

నీటిబిగువు పరీక్ష నాకు బాగా నచ్చింది. సుద్దపొడిని నీళ్లలో కలిపి అతుకుల బయటి వైపు పూశాం. అది ఆరి తెల్లబడ్డాక లోపలి వైపు బ్రష్‌తో కిరోసిన్ రాశాం. కిరోసిన్ నీటికంటే సన్నని సందుల్లోనూ దూరుతుంది. పావుగంట తర్వాత తెల్లటి సుద్ద మీద, ఎడమ పక్క రేకు అడుగుతో కలిసే మూలలో, కందిగింజంత తడి మచ్చ తేలింది. చూస్తుండగానే శనగగింజంత అయింది. మేస్త్రి పెన్నుతో దాని చుట్టూ సున్నా చుట్టి, "బయటపడిన దొంగతో భయం లేదు సార్" అని మిగతా అతుకుల వైపు నడిచాడు. దొరికిన మచ్చలన్నిటినీ గ్రైండర్‌తో తొలిచి మళ్లీ అతికాడు. మీద మీద పూత వేయడానికి ఒప్పుకోలేదు.

నేల కింద మూసిన గదుల్లో పాలిథీన్ ఫోమ్ దిమ్మలు పెట్టాం. పడవ తిరగబడి నీరు నిండినా మునిగిపోకూడదు. అల్యూమినియం నీటిలో తన బరువులో దాదాపు 38 శాతం తేలికవుతుంది. 170 కిలోల పడవను మోయడానికి 105 లీటర్ల ఫోమ్, ఇంజనుకు మరో 50, పట్టుకుని వేలాడే మనుషుల కోసం ఇంకొంత. 200 లీటర్ల దగ్గర ఆపాం. ఫోమ్ కింద నీరు నిలవకుండా ప్రతి గదికీ కాలువ ఇచ్చాం.

ఈ నెలల్లో షెడ్డు ముందు ఆగినవారిలో ఎక్కువమంది ఇది ఏ కల్యాణమండపానికి చేస్తున్న గంగాళమో అనుకున్నారు.

డిసెంబరు: ఇంజను, పంపు

ఇంజను పాతదే. కాసిమేడు వైపు ఫైబర్ పడవ మార్చుకుంటున్న ఒక మత్స్యకారుడి దగ్గర కొన్నాం. కంప్రెషన్ కొలిచి, గేర్ డబ్బా విప్పి పక్కన పెట్టి, అమెరికా నుంచి తెప్పించిన జెట్ కిట్ బిగించాం. కిట్‌తో వచ్చిన కాగితం చక్కగా ఉంది. పార్సిల్‌లో రావలసిన బోల్టులు మాత్రం రాలేదు. పంపినవారు ఉత్తరాలకు మర్యాదగా జవాబిచ్చారు, బోల్టులు ఇవ్వలేదు. అవే కొలతల స్టెయిన్‌లెస్ బోల్టులు ఇక్కడే దొరికాయి. అల్యూమినియంలోకి స్టెయిన్‌లెస్ బోల్టు నేరుగా ఎక్కిస్తే ఉప్పునీటికి రెండూ అతుక్కుపోతాయి కనుక ప్రతి బోల్టు మరలకూ అలా పట్టేయకుండా ఆపే పేస్టు పూశాం.

ఈ పంపు కడుపులో ఏముందో చెప్పాలి. కింద జాలీ. దాని మీద ఇంపెల్లర్, అంటే రెక్కల చక్రం. దాని చుట్టూ శంఖాకారపు లైనర్, అంటే లోపలి తొడుగు. నీరు జాలీ గుండా పైకి లేచి, పంపు బయటి గుల్లలో చుట్టు తిరిగి, వెనక్కి చిమ్ముతుంది. రెక్కల అంచుకూ లైనర్‌కూ మధ్య ఖాళీ 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. పెరిగితే నీరు వెనక్కి జారిపోతుంది, ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. అరిగిన కొద్దీ ఇంపెల్లర్ కింద ఉన్న షిమ్ములు, అంటే పలచని రేకు బిళ్లలు, తీసి పైకి మార్చుకుంటే చక్రం శంఖంలోకి కాస్త దిగి ఖాళీ మళ్లీ తగ్గుతుంది. తెలివైన ఏర్పాటు. ఈ పంపు చేసినవారి మీద నాకు గౌరవం పెరిగింది ఇక్కడే.

గేరు ఉండదు. ఇంజను తిరిగినంతసేపూ నీరు చిమ్ముతూనే ఉంటుంది. ధార ముందు ఒక తలుపు లాంటి పలక ఉంటుంది. పూర్తిగా దించితే ధార ముందుకు మళ్లి పడవ వెనక్కి వెళుతుంది. సగం దించితే దాదాపు నిలబడుతుంది. బావకు ఇది ఎన్నోసార్లు చెప్పాను, ఇంకా చెబుతాను: జెట్‌లో ధారే చుక్కాని. భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే ధార పోతుంది, దానితో పాటు మలుపు తిప్పే శక్తీ పోతుంది, పడవ ఎటు చూస్తోందో అటే వెళుతుంది. అందుకే ప్రాణరక్షక కోటుకు కట్టుకునే, లాగితే ఇంజను ఆగిపోయే తాడు లేకుండా ఎవరూ పడవ నడపకూడదని షరతు పెట్టాం.

ఇంజను, దాన్ని నడిపే మనిషి, ఇద్దరూ వెనకే ఉంటారు కాబట్టి ఇంధనపు ట్యాంకును, బ్యాటరీని ముందుకు తోశాం. లిథియం బ్యాటరీకి ఎక్కువ డబ్బు పెట్టింది ఆ బరువు కోసమే. గాలపు కర్రలకు పక్కన పీవీసీ పైపులు, ముందు నిలబడి విసరడానికి చిన్న వేదిక. దాని మీద మందపాటి ఈవీఏ ఫోమ్ చాప. నెల్లూరు ఎండలో ఉత్త అల్యూమినియం మీద చెప్పుల్లేకుండా నిలబడటం పెనం మీద నిలబడటమే. పైగా రేకు మీద డబ్బా జారినా నీటి అడుగున చేపకు వినిపిస్తుంది. విదేశీ పడవల్లో తివాచీ అంటిస్తారు. మన తేమకు అది ఆరదు.

ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం, 2021 ప్రకారం యంత్రం బిగించిన పడవకు రిజిస్ట్రేషన్, సర్వే ఉండాలి. ఆ కాగితాలు బావ చూసుకున్నాడు. ఆయన ఈ ప్రాజెక్టుకు చేసిన అతిపెద్ద మేలు అదే, అది చిన్న మేలు కాదు.

ఫిబ్రవరి: నీళ్లలోకి

ముందుగా ఊరి పెద్దలను కలిశాం. అక్కడ వలలు వేసుకుని బతికేవారి నీళ్లు అవి. మన సరదా వాళ్ల పనికి అడ్డం రాకూడదు. పొద్దున వలలు ఎత్తాక, మధ్యాహ్నం ముందు, ఒక పాయలో తిప్పుకోమన్నారు. ఒక ముసలి పెద్దయ్య మాతో పడవ ఎక్కాడు. ఇంజను కింద వంగి చూసి, "రెక్కలు ఏవి నాయనా?" అన్నాడు. జాలీ లోపల చూపించాను. "అయితే ఇది నీళ్లు తాగి బతికేదన్నమాట. ఇక్కడి నీళ్లలో సగం ఇసుకే" అన్నాడు.

మొదట ఇంజను అరిచింది కానీ పడవ లేవలేదు. పంపు గాలి పీలుస్తోంది. పంపు నోటి ముందు అంచు పడవ అడుగుకు సమంగా ఉండాలి. మాది కాస్త పైకి ఉంది. ఇంజనును అర అంగుళం దించి బిగించాక ఒక్క ఊపులో లేచింది. చీలమండ లోతు ఉన్న మేట మీదుగా జారిపోయినప్పుడు బావ పెట్టిన కేకకు ఒడ్డున కొంగలు ఎగిరాయి. ఆ కాసేపు నాకూ హామిల్టన్ గుర్తొచ్చాడు.

ఇసుక తన పని మొదలుపెట్టింది ఆగినప్పుడు. నీటి మీద లేచి పరిగెత్తేటప్పుడు పంపు నది అడుగున ఉన్న ఇసుకను పెద్దగా లాగదు. పడవ నిలబడి ఉండగా, లోతులేని చోట ఇంజను వేగం పెంచితే మాత్రం నోటి కింద సుడి పుట్టి గుప్పెళ్లకొద్దీ ఇసుక పైకి లేస్తుంది. న్యూజిలాండ్ గులకరాయి జాలీ దగ్గరే ఆగిపోతుంది. మన ఇసుకకు ఏ జాలీ అడ్డు? లోపలికి వెళ్లి రెక్క అంచును గీరుతుంది. అదే నీటిలో కొంత ఇంజనును చల్లబరచడానికి పైకి వెళుతుంది కనుక, నీటి పంపులోని రబ్బరు చక్రాన్నీ అరగదీస్తుంది. పక్కనుంచి చిమ్మే సన్నని సూచక ధార పలచబడుతోందంటే అర్థం అదే.

దీనికి పెద్దయ్య చూపిన మందు వెదురు గెడ. మేట దగ్గర ఇంజను ఆపేసి, గెడ వేసి పడవను నడుము లోతుకు నెట్టి, అక్కడ ఇంజను వేయమన్నాడు. నీటి రంగు చూసి లోతు చెప్పడం కూడా ఆయన దగ్గరే విన్నాం. ముడతలు దగ్గరదగ్గరగా పడి మెరిసే చోట మేట ఉంటుంది, నల్లగా నున్నగా కదిలే చోట పాయ ఉంటుంది. షెడ్డుకు వచ్చాక చేసిన మొదటి మార్పు కుడి పక్కన గెడ పెట్టుకోవడానికి రెండు కొక్కేలు. ఇంత ఖరీదైన పంపు వెనక వెదురు కర్ర వేలాడుతుంటే బావకు చిన్నతనంగా ఉంది. నాకు ఏమీ లేదు.

రెండో శత్రువు గుర్రపుడెక్క. వరద నీటితో పైనుంచి కొట్టుకొచ్చిన చాపలు చాపలుగా పాయల మలుపుల్లో ఆగి ఉంది. ఒక గుబురు అంచున తగిలామో లేదో వేగం చచ్చిపోయింది. ఇంజను ఆపి, తాడు లాగేసి, పైకి ఎత్తి చూస్తే జాలీ కమ్మీలకు ఆకులు అడ్డంపడి ఉన్నాయి. అవి సులువుగానే వచ్చాయి. లోపల చక్రపు బొడ్డు చుట్టూ నల్లటి సన్నని వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. చేతికి మెత్తగా తగులుతాయి కానీ లాగితే తెగవు, ఇంకా బిగుస్తాయి. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ, మొనదేలిన కత్తితో ఒక్కొక్క పొర కోసి తీయాల్సి వచ్చింది. వేళ్లలో చిక్కుకున్న చిన్న నత్తలు నేల మీద టపటపా రాలాయి.

ఇప్పుడు

పంపు విప్పాం. సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజితో చూస్తే 0.8 ఉండాల్సిన ఖాళీ 1.3కు చేరింది. రెక్కల ముందు అంచులు గుండ్రంగా అరిగి అద్దంలా మెరుస్తున్నాయి. ఆకురాయితో అంచులను మళ్లీ పదును చేశాం, షిమ్ములు మార్చాం. స్టెయిన్‌లెస్ ఇంపెల్లర్ కొందామని బావ అంటున్నాడు. అది ఇసుకకు తట్టుకుంటుంది, నిజమే. కానీ అప్పుడు అరిగేది లైనర్. పైగా పెన్న చివర్లో నీరు ఉప్పగా ఉంటుంది. అల్యూమినియం గుల్లలో స్టెయిన్‌లెస్ చక్రం అంటే బ్యాటరీ తయారుచేసుకున్నట్టే, అందులో కరిగేది గుల్ల. అల్యూమినియం చక్రమే ఉంచి, ఒకటి అదనంగా కొని పెట్టుకోవడం నాకు లాభంగా కనిపిస్తోంది. అదనపు లైనర్‌కు, రబ్బరు చక్రానికి కూడా ఆర్డరు పెట్టాం. ఉప్పునీటి కోసం పడవ వెనక పలకకు బలి ఇవ్వడానికి, అంటే పడవకు బదులు తామే కరిగిపోవడానికి, అల్యూమినియం దిమ్మలు బిగించాం. మంచినీటి చెరువుకు తీసుకెళితే మెగ్నీషియంవి మార్చుకోవాలి.

గ్రీజు మాత్రం ఎవరూ మరచిపోకూడదు. పడవ తిప్పిన ప్రతి రోజూ సాయంత్రం, ఎక్కువసేపు తిప్పితే పది గంటలకోసారి, బేరింగు గొట్టం నుంచి పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్తది ఎక్కించాలి. వచ్చే గ్రీజు బూడిదరంగులో ఉంటే లోపలికి నీరు చేరుతున్నట్టు. మాది ఇప్పటిదాకా శుభ్రంగానే వస్తోంది.

గుర్రపుడెక్క కోసం మేస్త్రి ఒక దువ్వెన చేస్తున్నాడు. 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ కడ్డీలతో జాలీ కమ్మీల సందుల్లో సరిగ్గా పట్టే పళ్లు, నాలుగు అడుగుల పిడి. ఇంజను ఎత్తి పడవలో నిలబడే లాగేయవచ్చు, నీళ్లలోకి దిగక్కర్లేదు. కాలు ఆనించుకోవడానికి వెనక పలక పక్కన మెట్టు కూడా వేశాం. ఇంజను ఎత్తడానికి ఉన్న పిడి పొట్టిది, నడుము పట్టేస్తోంది. దానికి పైపు తొడిగి పొడిగించే పని మిగిలింది. లోపలి వేళ్ల కోసం వంకర కత్తి ఒకటి సాన పెట్టించి, తాడుతో పడవకే కట్టేశాం.

పండుగప్ప పడిందా అని అడుగుతున్నవారికి: పడింది, గెడ వేసుకుంటూ ఇంజను ఆపి ఉన్నప్పుడు, పెద్దయ్య గాలానికి. మా ఎరలు ఖరీదైనవి, ఆయనది బతికిన రొయ్య.

లైనర్ వచ్చాక బిగించి, ముగ్గురు మనుషులకు బదులు ఇద్దరితో ఎంత లోతులో లేస్తుందో కొలవాలి. మూడో మనిషి ఎవరు దిగాలన్నది బావతో ఇంకా తేలలేదు.